పాత ఆమ్నీకి సౌండ్ డెడెనింగ్: మూడు వీకెండ్లు, 6 డెసిబెల్స్, ఒక హియరింగ్ ఎయిడ్

ఇక్కడ నేను ఇప్పటిదాకా ఇయర్‌బడ్స్ గురించి, ఫోన్ల గురించి రాశా. నాయిస్ క్యాన్సిలేషన్ ఎలా ఉంది, ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తోంది అని పోలికలు కూడా పెట్టా. ఈసారి రివ్యూ చేసే గ్యాడ్జెట్ కొంచెం పెద్దది. నాలుగు చక్రాలు, స్లైడింగ్ డోర్లు, 796 సీసీ ఇంజిన్. మా నాన్న నడిపే 2008 మోడల్ మారుతి ఆమ్నీ.

నాన్నకి తెనాలిలో మైక్‌సెట్ షాపు ఉంది. పెళ్లిళ్లు, జాతరలు, వినాయక చవితి పందిళ్లు అన్నిటికీ బాక్సులు, యాంప్లిఫయర్లు, వైర్ల చుట్టలు ఈ వ్యాన్‌లోనే వెళ్తాయి. ముప్పై ఏళ్లుగా ఆయన పని పెద్ద బాక్సుల పక్కనే నిలబడటం. అయినా ఒక్క ప్రోగ్రామ్ కూడా మిస్ కాలేదు. మొన్న మాఘమాసంలో ఆ రికార్డు పోయింది.

వ్యాన్ నడుపుతుండగా ఫోన్ వచ్చింది. అమ్మ స్పీకర్ ఆన్ చేసి పట్టుకుంది. అవతలివాళ్లు పెళ్లి పదహారున అన్నారు, నాన్నకి పదిహేడు అని వినిపించింది. ఇంజిన్ మోతలో అమ్మకీ సరిగ్గా వినపడలేదు. ఇంటికొచ్చి డైరీలో పదిహేడు అని రాసుకున్నారు. పదహారో తారీఖు సాయంత్రం పెళ్లిపందిట్లో మైక్ లేదు. అప్పటికప్పుడు వాళ్లు ఇంకో షాపు నుంచి సెట్ తెప్పించుకున్నారు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వడానికి నాన్న స్వయంగా వెళ్లొచ్చారు. ఆ రోజు రాత్రి నాకు ఫోన్ చేసి, "ఏరా, చెవులకి ఏదో మిషన్ ఉంటుందంటగా, దాని సంగతి చూడు" అన్నారు. అప్పటిదాకా ఆ మాట ఎత్తితే కోప్పడే మనిషి.

గుంటూరులో ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాం. ఆడియోగ్రామ్‌లో గ్రాఫ్ తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర బానే ఉంది, 4 కిలోహెర్ట్జ్ దగ్గర గోతిలో పడ్డట్టు కిందికి దిగింది. ఏళ్ల తరబడి పెద్ద శబ్దంలో పనిచేసినవాళ్లలో కనిపించే నమూనా ఇది. రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ పెట్టించాం. ఇంట్లో, షాపులో సూపర్. వ్యాన్ ఎక్కగానే మాత్రం తీసి జేబులో పెట్టేసుకుంటున్నారు. "మనిషి మాట కాదురా, ఇంజిన్ మాట్లాడుతోంది చెవిలో" అన్నారు. అక్కడ మొదలైంది ఈ ప్రాజెక్ట్.

ఆమ్నీ ఎందుకు అంత మోత చేస్తుంది?

ఈ వ్యాన్ 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చింది, 1988లో ఆమ్నీ అయింది, 2019లో తయారీ ఆగిపోయింది. అన్నేళ్లలో డిజైన్‌లో ఒక్కటి మాత్రం మారలేదు. ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. అంటే మీరు కూర్చునేది ఇంజిన్ మీదే. మధ్యలో ఉన్నది ఒక రేకు మూత, దాని చుట్టూ ఒక రబ్బర్, పైన సీటు. అంతే.

దానికితోడు వెనక భాగమంతా ఖాళీ రేకు డబ్బా. పెద్ద పెద్ద సమతల రేకులు, వాటికి సపోర్టు తక్కువ. మన ఇంట్లో ఖాళీ స్టీల్ డబ్బా మీద వేలితో కొడితే ఎలా మోగుతుందో అదే కథ. ఇంజిన్ వణుకు, రోడ్డు కుదుపు ఆ రేకుల్ని కొడుతూ ఉంటాయి, అవి మోగుతూ ఉంటాయి. పైగా పదిహేనేళ్ల పైబడిన బండి కాబట్టి డోర్ రబ్బర్లు ఎండిపోయి బిగిసిపోయాయి. ఆ సందుల్లోంచి గాలి, శబ్దం రెండూ లోపలికి వస్తాయి.

ఈకో ఉన్నవాళ్లు కూడా ఇది చదవచ్చు. దాంట్లోనూ ఇంజిన్ ముందు సీట్ల కిందే కాబట్టి పద్ధతి దాదాపు ఇదే.

ముందు కొలవండి, తర్వాత కొనండి

సౌండ్ డెడెనింగ్ వీడియోలు చూస్తే అందరూ చేసేది ఒక్కటే. బండంతా వెండి రంగు షీట్లు అతికించి, డోర్ వేసి, "చూశారా, థప్ అంటోంది" అంటారు. డోర్ శబ్దం వినడానికి బాగుంటుంది గానీ, నాన్నకి కావాల్సింది 60 స్పీడ్‌లో అమ్మ మాట వినపడటం. అందుకే ముందు కొలిచా.

ఫోన్ చాలు. కానీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి:

- ఫోన్ మైక్ క్యాలిబ్రేట్ చేసిన మీటర్ కాదు. అది చూపించే 80 నిజంగా 80 కాకపోవచ్చు. అదే ఫోన్, అదే యాప్, అదే చోటు వాడితే ముందుకీ తర్వాతకీ తేడా మాత్రం నమ్మవచ్చు.
- ఫోన్లు మన గొంతు బాగా వినపడటానికి ఆడియోని ప్రాసెస్ చేస్తాయి. ఆండ్రాయిడ్ 7.0 నుంచి యాప్‌లకి ప్రాసెస్ చేయని ఆడియో తీసుకునే ఆప్షన్ వచ్చింది, అయితే ఫోన్ కూడా దాన్ని సపోర్ట్ చేయాలి. మీ యాప్ సెట్టింగ్స్‌లో అలాంటిది ఉంటే ఆన్ చేయండి.
- కేస్ తీసేయండి. అద్దాలు మూసేయండి. అదే రోడ్డు, అదే స్పీడ్, కనీసం మూడుసార్లు.

నేను ఫోన్‌ని స్టాండ్‌తో నాన్న సీటు వెనక, చెవి ఎత్తులో కట్టా. తెనాలి నుంచి దుగ్గిరాల వైపు రోడ్డులో ఒక నున్నటి ముక్క ఎంచుకుని, ఉదయం ఆరింటికి ట్రాఫిక్ లేనప్పుడు నడిపించా. ఏ-వెయిటింగ్ పెట్టి చూస్తే రీడింగ్స్ ఇవి: నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంటే 63, 40 స్పీడ్‌లో 73, 60 స్పీడ్‌లో 80.

మామూలుగా మాట్లాడుకునే గొంతు ఒక మీటరు దూరంలో 60 నుంచి 65 దాకా ఉంటుంది. చుట్టూ 80 ఉంటే అమ్మ అరవాల్సిందే. అరిచినా ఉపయోగం తక్కువ, ఎందుకంటే హియరింగ్ ఎయిడ్ మాటతో పాటు మోతని కూడా చెవిలోకి పంపిస్తుంది. ఇక్కడ లెక్క వాల్యూమ్‌ది కాదు, సిగ్నల్-టు-నాయిస్ రేషియోది. మోత తగ్గించకుండా మాట పెంచితే అయ్యేది తలనొప్పి.

తర్వాత అసలు సరదా పార్ట్. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆకెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ అనే ఫ్రీ యాప్‌లో ఆడియో స్పెక్ట్రమ్ ఉంటుంది. ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో గ్రాఫ్ వేస్తుంది. 60 స్పీడ్‌లో నాకు మూడు విషయాలు కనిపించాయి:

1. 77 హెర్ట్జ్ దగ్గర సూదిలాంటి పీక్.
2. 150 నుంచి 200 మధ్య వెడల్పాటి గుట్ట.
3. 2000 పైన గాలి హోరు లాంటి పరుపు.

మొదటిది ఇంజిన్. మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక రౌండ్‌కి ఒకటిన్నర సార్లు ఫైర్ అవుతుంది. 77ని ఒకటిన్నరతో భాగించి 60తో గుణిస్తే 3080 ఆర్‌పీఎమ్. మా వ్యాన్‌లో ఆర్‌పీఎమ్ మీటరే లేదు, మైక్‌తో చదివేశాం! నాన్నకి చెప్తే "ఇది బానే ఉందిరా" అని ఆ రోజంతా గేర్లు మార్చి మార్చి చూశారు. రెండోది రేకుల మోత. మూడోది సందుల్లోంచి వచ్చే గాలి, టైర్ల శబ్దం.

ఈ మూడోదే మాకు శత్రువు. మాటలో అచ్చుల బలం తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, స, శ, చ, త లాంటి హల్లుల స్పష్టత 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో, ఆ పైన ఉంటుంది. నాన్న చెవి సరిగ్గా అక్కడే బలహీనం. వ్యాన్ హోరు కూడా అక్కడే కప్పేస్తోంది.

నాలుగు పనులు, నాలుగు మెటీరియల్స్

"సౌండ్ ప్రూఫింగ్ షీట్" అని ఒకే పేరుతో అమ్ముతారు గానీ, ఇందులో నాలుగు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒకదాని పని ఇంకోటి చేయదు.

సీలింగ్: సందులు మూయడం. అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముఖ్యం. ఒక గోడలో వందో వంతు ఖాళీ ఉంటే, గోడ ఎంత మందంగా ఉన్నా మొత్తం మీద 20 డెసిబెల్స్ మించి ఆపలేదు. బకెట్‌కి చిల్లు ఉంటే బకెట్ మందం గురించి మాట్లాడుకుని లాభం లేదు కదా, అలాగే.

డ్యాంపింగ్: రేకు మోగకుండా ఆపడం. దీనికి బ్యూటైల్ షీట్. ఒకవైపు జిగురుగా ఉండే బ్యూటైల్ రబ్బర్, పైన అల్యూమినియం ఫాయిల్. రేకు వంగినప్పుడు రేకుకీ ఫాయిల్‌కీ మధ్య రబ్బర్ సాగి, ఆ వణుకుని కొంచెం వేడిగా మార్చేస్తుంది. ఇది శబ్దాన్ని అడ్డుకోదు, రేకుని నోరు మూయిస్తుంది. అందుకే రేకంతా కప్పాల్సిన పని లేదు. మధ్యలో పావు వంతు నుంచి సగం దాకా అతికిస్తే చాలావరకు పని అయిపోతుంది.

బ్లాకింగ్: శబ్దానికి బరువుతో అడ్డుగోడ కట్టడం. దీనికి మాస్ లోడెడ్ వినైల్ అనే బరువైన, వంగే షీట్. ఇక్కడ షార్ట్‌కట్ లేదు, బరువే పని చేస్తుంది. గోడ బరువు రెట్టింపు చేస్తే సుమారు 6 డెసిబెల్స్ లాభం. దీని కింద క్లోజ్డ్ సెల్ ఫోమ్ వేసి రేకుకి తగలకుండా ఉంచాలి, లేకపోతే రేకు వణుకు నేరుగా దీనికి ఎక్కుతుంది.

అబ్సార్బింగ్: లోపలికి వచ్చేసిన శబ్దం అటూ ఇటూ తగిలి తిరగకుండా పీల్చడం. ఫైబర్ లాంటి మెత్తటి మెటీరియల్. మా వ్యాన్‌లో దీన్ని ఎక్కువ వాడలేదు, ఎందుకంటే వెనక ఎప్పుడూ బాక్సులు ఎక్కించి దించుతుంటారు, చిరిగిపోతుంది.

నేను చేసిన తప్పు: ఎండాకాలం, తారు షీట్

ఇంత తెలిసినవాడిలా రాస్తున్నా గానీ, మొదటిసారి నేను చేసింది ఇది కాదు. హియరింగ్ ఎయిడ్స్ వచ్చిన నెలలోనే, కొలవకుండా, ఒక లోకల్ షాపులో "డ్యాంపింగ్ షీట్" అని 1500 రూపాయలకి కట్ట కొన్నా. బ్యూటైల్ ధరలో మూడో వంతు. ఏప్రిల్‌లో ఒక్క సాయంత్రంలో టాప్ లోపల అతికించేశా. ఎంత మిగిలిందా అని లెక్కలు కూడా వేసుకున్నా.

అది బ్యూటైల్ కాదు. తారు ఆధారంగా చేసిన షీట్. మే నెల వచ్చింది. తెనాలి ఎండలో నిలబెట్టిన బండి టాప్ మీద చెయ్యి పెట్టలేం. ఒకరోజు నాన్న పెళ్లికి బయల్దేరుతుంటే టాప్ రెక్సిన్ అంచు నుంచి నల్లటి చుక్కలు తెల్ల చొక్కా మీద పడ్డాయి. లోపలంతా రోడ్డు వేస్తున్నప్పటి వాసన. ఆయన ఏమీ అనలేదు. చొక్కా మార్చుకుని వెళ్లారు. అమ్మ మాత్రం ఆ చొక్కాని నాలుగుసార్లు ఉతికి, ఆఖరికి వ్యాన్ తుడిచే గుడ్డ చేసింది. అది ఇప్పటికీ డ్యాష్‌బోర్డ్ కింద ఉంది, నాకు గుర్తుచేయడానికన్నట్టు.

దాన్ని గీకి తీయడానికి పెయింటర్లు వాడే లప్పం బ్లేడు, కిరోసిన్, ఒక పూర్తి ఆదివారం పట్టాయి. కాబట్టి కొనేముందు రెండు చూడండి. వాసన చూడండి, తారు వాసన గుప్పుమంటే వదిలేయండి. చిన్న ముక్క అడిగి తెచ్చి, ఒక రేకు మీద అతికించి, మధ్యాహ్నం ఎండలో నిలువుగా రెండు రోజులు పెట్టండి. జారిందంటే అది మన ఊళ్లకి పనికిరాదు.

మొదటి వీకెండ్: విప్పడం, తుప్పు

ఆషాఢం కోసం ఆగాం. పెళ్లిళ్లు ఉండవు, వ్యాన్ ఖాళీ. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కి, శనివారం పొద్దున పని మొదలు.

సీట్లు, మ్యాట్లు, డోర్ ప్యాడ్లు విప్పాం. అద్దం దించే హ్యాండిల్ లాగితే రాదు, వెనక ఒక గుర్రపునాడా ఆకారం క్లిప్పు ఉంటుంది. పాత గుడ్డ ఒకటి హ్యాండిల్ వెనక దూర్చి, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగితే క్లిప్పు ఊడి వస్తుంది. ఎటు ఎగురుతుందో చెప్పలేం, కళ్లు జాగ్రత్త. విప్పిన ప్రతి స్క్రూ గ్రూపునీ ఫోటో తీసి, విడివిడి కవర్లలో పెట్టా.

డ్రైవర్ సీటు ముందు మ్యాట్ కింద అసలు సంగతి బయటపడింది. తుప్పు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది, కింద రోడ్డు కనిపించింది. పాత బండిలో ఈ పని మొదలుపెట్టేవాళ్లకి నా మొదటి సలహా ఇదే. తుప్పు మీద షీట్ అతికించకండి. పైన ఫాయిల్ మెరుస్తుంది, కింద తడి ఇరుక్కుని రేకుని తినేస్తుంది. రెండేళ్ల తర్వాత ఫ్లోర్ ఉండదు, షీట్ ఉంటుంది.

టింకరింగ్ షాపుకి తీసుకెళ్లి ఆ ముక్క కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. మిగతాచోట్ల వైర్ బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, పైన పెయింట్. ఆ వీకెండ్ ఒక్క షీట్ కూడా అతికించలేదు. నాకు విసుగొచ్చింది. నాన్న మాత్రం, "దీని కోసమైనా విప్పాం, మంచిదైంది" అన్నారు. బండి ఆర్సీ రెన్యూవల్ 2028 దాకా ఉంది, ఫ్లోర్ కూడా అప్పటిదాకా ఉండాలి కదా.

రెండో వీకెండ్: రబ్బర్లు, బ్యూటైల్

ముందుగా డోర్ రబ్బర్లు మార్చాం. పాతది ఎక్కడ పనిచేయట్లేదో కనుక్కోవడానికి సింపుల్ టెస్ట్ ఒకటి ఉంది. డోర్ సందులో ఒక కాగితం పెట్టి డోర్ వేసి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ సీల్ లేనట్టే. స్లైడింగ్ డోర్ వెనక అంచు అంతా అలాగే ఉంది. ఇంజిన్ మూత చుట్టూ ఉన్న రబ్బర్ అయితే అప్పడంలా విరిగింది. అది కూడా మార్చాం.

రబ్బర్లు మార్చగానే, ఇంకే షీటూ వేయకుండా, మళ్లీ దుగ్గిరాల రోడ్డుకి వెళ్లి కొలిచా. 60 స్పీడ్‌లో 80 కాస్తా 77 అయింది. నమ్మలేక మరో రెండుసార్లు నడిపా. అదే. అంటే షీట్లకి ముందే, రబ్బర్లకే, లోపలికొచ్చే శబ్దశక్తి సగమైంది.

తర్వాత బ్యూటైల్. పద్ధతి ఇది:

- రేకుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ వేసేముందు తుడుస్తామే, అదే. నూనె, దుమ్ము ఉంటే షీట్ ఊడుతుంది.
- వేలి కణుపుతో రేకంతా కొట్టుకుంటూ వెళ్లండి. "టంగ్" అని మోగినచోట షీట్ కావాలి. "టప్" అంటే వద్దు.
- ముక్కలుగా కోసి, మధ్య నుంచి అంచులకి రోలర్‌తో గట్టిగా నొక్కండి. ఫాయిల్ మీద ఉండే గీతలు అణిగిపోవాలి. గాలి బుడగ మిగిలితే అక్కడ డ్యాంపింగ్ సున్నా.
- గ్లవ్స్ తప్పనిసరి. ఫాయిల్ అంచు బ్లేడులా కోస్తుంది. నా కుడి బొటనవేలు దీనికి సాక్షి, వారం పాటు ఫోన్ ఫింగర్‌ప్రింట్ పనిచేయలేదు.
- డోర్ కింది అంచున నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. వాటిని మూయకండి. అద్దం దిగే దారిలో షీట్ తగలకూడదు. డోర్ ప్యాడ్ వెనక ఉండే పాలిథీన్ కవర్‌ని మళ్లీ అతికించండి, అది వాన నీళ్లని ప్యాడ్ దాకా రానివ్వదు.

చక్రాల గుబ్బల మీద లోపలివైపు పూర్తిగా, సైడ్ రేకులకి, డోర్లకి, టాప్‌కి మధ్య భాగంలో మాత్రమే వేశాం. మొత్తం సుమారు 4 చదరపు మీటర్లు. టాప్ రెక్సిన్ విప్పి మళ్లీ బిగించడానికి సీట్ కవర్లు కుట్టే ఆయన సాయం తీసుకున్నాం, అది మన వల్ల అయ్యే పని కాదు.

మళ్లీ కొలిస్తే 76. ఒక్కటే తగ్గింది! నాకు నీరసం వచ్చింది. కానీ స్పెక్ట్రమ్ చూస్తే 150-200 దగ్గర గుట్ట దాదాపు చదునైంది. ఏ-వెయిటింగ్ తక్కువ ఫ్రీక్వెన్సీలకి లెక్కలో తక్కువ విలువ ఇస్తుంది కాబట్టి నంబర్‌లో తేడా పెద్దగా కనపడదు. చెవికి మాత్రం తెలుస్తుంది. ఆ రేకు డబ్బా మోత పోయింది. గంటసేపు నడిపి దిగినా తల బరువుగా లేదన్నారు నాన్న. ఒక్క నంబర్ చూసి తీర్పు చెప్పకూడదని కెమెరా మెగాపిక్సెల్స్ విషయంలో మనం అనుకుంటాంగా, ఇదీ అంతే.

మూడో వీకెండ్: ఫోమ్, వినైల్, ఇంజిన్ మూత

ఫ్లోర్ ముందు భాగంలో, ఇంజిన్ మూతకి లోపలివైపు క్లోజ్డ్ సెల్ ఫోమ్, దాని మీద బరువైన వినైల్. వెనక బాక్సులు పెట్టేచోట ఫోమ్ మీద మందపాటి రబ్బర్ మ్యాట్. స్పాంజ్ లాంటి ఓపెన్ సెల్ ఫోమ్ ఫ్లోర్‌కి వద్దు, వాన నీళ్లు పీల్చుకుని తుప్పుకి దారి వేస్తుంది.

ఇంజిన్ దగ్గర మాత్రం ఆటలాడకండి. ఇవి నేను పాటించిన రూల్స్:

- ఇంజిన్ వైపు ఉన్న ముఖానికి ఏమీ అతికించలేదు. మనుషులు కూర్చునే వైపు మాత్రమే.
- సైలెన్సర్ గొట్టం, పెట్రోల్ పైపులు, బ్యాటరీ చుట్టుపక్కల ఫోమ్ లేదు. గాలి వెళ్లే ఏ దారినీ మూయలేదు.
- కొన్న ఫోమ్‌లో చిన్న ముక్క కోసి, ఆరుబయట లైటర్ పెట్టి చూశా. మంట తీసేయగానే ఆరిపోవాలి. అంటుకుని కారుతూ కాలితే అది బండిలోకి రాకూడదు.
- ఎల్‌పీజీ, సీఎన్‌జీ కిట్ ఉన్న బండైతే ట్యాంక్ చుట్టూ, దాని వెంట్ పైపు దగ్గర దేన్నీ కప్పకండి. గ్యాస్ లీకైతే బయటికి పోయే దారి ఉండాలి.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ చదరపు మీటరుకి సుమారు 3 కిలోలు, వినైల్ 5 కిలోలు. అన్నీ కలిపి మా వ్యాన్‌కి 22 కిలోల దాకా ఎక్కింది. ఇది చిన్న ఇంజిన్, బండి బరువే 800 కిలోల లోపు. అందుకే అంతా కప్పేయాలనే ఆశ పెట్టుకోలేదు. వ్యాన్‌లో ఒక చిన్న స్పీకర్ బాక్స్ పర్మనెంట్‌గా ఉన్నట్టు అనుకున్నాం.

ఫైనల్ రీడింగ్స్

- ఐడిల్‌లో: ముందు 63, ఇప్పుడు 59
- 40 స్పీడ్‌లో: ముందు 73, ఇప్పుడు 68
- 60 స్పీడ్‌లో: ముందు 80, ఇప్పుడు 74

6 డెసిబెల్స్ అంటే లోపలికి వచ్చే శబ్దశక్తి నాలుగో వంతుకి పడిపోయినట్టు. కానీ చెవి అలా లెక్కపెట్టదు. సగం అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. కాబట్టి "వ్యాన్ కారైపోయింది" అని నేను చెప్పను. 77 హెర్ట్జ్ పీక్ దాదాపు అలాగే ఉంది. అంత తక్కువ ఫ్రీక్వెన్సీని ఆపాలంటే కావాల్సిన బరువు ఈ బండి మోయలేదు. ఇంజిన్ గుడగుడ ఉంది, ఉంటుంది. తగ్గింది మాత్రం 2000 పైన ఉన్న హోరు. గ్రాఫ్‌లో అన్నిటికంటే బాగా దిగింది అదే. మాకు కావాల్సిందీ అదే.

మరి హియరింగ్ ఎయిడ్?

పని అయ్యాక ఆడియాలజిస్ట్ దగ్గరికి వెళ్లి, వ్యాన్ ప్రయాణానికి విడిగా ఒక ప్రోగ్రామ్ పెట్టించాం. మామూలుగా ఈ మిషన్లు ఎదురుగా ఉన్న మనిషి మాట మీద ఫోకస్ చేస్తాయి. వ్యాన్‌లో ఎదురుగా ఉన్నది అద్దం, మాట్లాడే మనిషి పక్కనో వెనకో ఉంటుంది. ఆ సెట్టింగ్ మార్చుకోవచ్చని మాకు అప్పటిదాకా తెలియదు. మీ ఇంట్లో ఎవరైనా వాడుతుంటే ఈ ఒక్క విషయం అడగండి, దీనికి షీట్లు కూడా అక్కర్లేదు.

ఇంకో విషయం. లోపల నిశ్శబ్దం ఎక్కువైతే బయటి హారన్లు వినపడవేమో అని నాకు భయం వేసింది. ఒకరోజు నేను బైక్ మీద వెనకే వెళ్తూ హారన్ కొట్టి చూశా. నాన్న సైడ్ ఇచ్చారు. వ్యాన్ దిగాక, "ఎందుకురా అన్నిసార్లు కొడతావు, వినపడుతోందిగా" అని తిట్టారు. ఆ తిట్టు నాకు చాలా నచ్చింది.

శ్రావణం మొదలైంది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. మొదటి ప్రోగ్రామ్‌కి వ్యాన్‌లో నేనూ వెళ్లా, వెనక బాక్సుల మధ్య కూర్చుని. నాన్న చెవుల్లో రెండు మిషన్లూ ఉన్నాయి. యాభై స్పీడ్‌లో ఉండగా అమ్మ మామూలు గొంతుతో, "ఏవండీ, ఆ బండి దగ్గర ఆపండి, అరటిపళ్లు తీసుకుందాం" అంది. నాన్న ఆపారు. అంతే జరిగింది. అమ్మ దిగుతూ ఒకసారి నావైపు చూసింది. నేను ఫోన్‌లో రీడింగ్ తీసుకోవడం మర్చిపోయా.

డేట్ల విషయంలో మాత్రం షీట్ల మీద భారం వేయలేదు. ఇప్పుడు ఎవరు బుక్ చేసినా తారీఖు, ఊరు వాట్సాప్‌లో రాసి పంపమని నాన్నే చెప్తున్నారు. వ్యాన్ నడుపుతుండగా కాల్ వస్తే ఆపి మాట్లాడతారు.

ఖర్చు ఎంతైంది?

- డోర్ రబ్బర్లు, ఇంజిన్ మూత రబ్బర్: 2100
- బ్యూటైల్ షీట్లు: 4200
- ఫోమ్: 1600
- వినైల్, రబ్బర్ మ్యాట్: 1900
- టింకరింగ్: 1200
- రోలర్, ఆల్కహాల్, గ్లవ్స్, పెయింట్ వగైరా: 600

మొత్తం 11,600 రూపాయలు. తారు షీట్‌కి తగలేసిన 1500 కలిపితే 13,100. చొక్కా అదనం.

వెర్డిక్ట్

నచ్చినవి: రేకుల మోత పోయింది. గాలి హోరు బాగా తగ్గింది. టాప్ కింద వేడి కూడా కొంచెం తగ్గింది. తుప్పు ముందే బయటపడింది.

నచ్చనివి: ఇంజిన్ గుడగుడ అలాగే ఉంది. 22 కిలోల బరువు పెరిగింది. మూడు వీకెండ్లు, వీపు నొప్పి.

మీ బడ్జెట్ రెండు వేలే అయితే షీట్ల జోలికి వెళ్లకండి, రబ్బర్లు మార్చి ఆగిపోండి. మాకు తగ్గిన ఆరింటిలో మూడు అక్కడే తగ్గాయి. ఇంకో నాలుగైదు వేలు ఉంటే మోగే రేకులకి బ్యూటైల్ వేయండి. ఆ తర్వాతే వినైల్. ఈ వరుస తిరగేస్తే డబ్బు పోతుంది, మోత పోదు.

చివరిగా ఒక్క మాట, ఇయర్‌బడ్స్ వాడే మనందరికీ. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు దాటకూడదని అమెరికాలోని నియోష్ సిఫార్సు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అవుతుంది. 88 అయితే 4 గంటలు, 94 అయితే ఒక గంట, 100 అయితే పావుగంట. నాన్న ముప్పై ఏళ్లు ఆ బాక్సుల పక్కన నిలబడ్డారు, అప్పుడు ఆయనకి ఈ లెక్క చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడు షాపులో పనిచేసే కుర్రాళ్లిద్దరికీ ఇయర్‌ప్లగ్స్ కొనిచ్చారు. పెట్టుకోకపోతే బాక్సు దగ్గరికి రానివ్వట్లేదు.